జంపక్క గొంతు

టేకులపల్లి దాటి అడవి వైపు మళ్ళే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. దాని ముందు బోర్డు మీద ఆకుపచ్చ అక్షరాలతో 'హేమలేఖ ఆకు విస్తర్లు' అని రాసి, పక్కన ఒక ఆడమనిషి ముఖం వేశారు. పెద్ద కళ్ళు, రూపాయంత బొట్టు, నవ్వీ నవ్వని పెదవులు. భద్రాచలం పోయే జనంలో నడివయసు దాటినవాళ్ళు ఆ ముఖాన్ని చూసి కార్లు ఆపేవారు. "హేమలేఖ గారు లోపల ఉన్నారా?" అని అడిగేవారు. ఆమె బయటికి వచ్చి చేతులు జోడించేది, నవ్వేది, పక్కన నిలబడి ఫొటో దిగేది, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయేది. నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడేది కాదు. "ఎంతైనా హీరోయిన్ కదా, పొగరు ఎక్కడికి పోతుంది" అనుకుంటూ వాళ్ళు కార్లెక్కేవారు.

అది పొగరు కాదు. సినిమాల్లో ఆమె అన్నిటికంటే ముందు నేర్చుకున్న పాఠం అదే. జనంలో నోరు తెరవకూడదు.

ఆమె అసలు పేరు జంపక్క. ఆ షెడ్డుకు ఆమడ దూరంలో, అడవిలోకి ఉన్న గూడెంలో పుట్టింది. ఇంట్లో కోయ, బయట తెలుగు. తండ్రి వెదురు నరికేవాడు, ఎండాకాలం తునికాకు కోతకు వెళ్ళేవాడు. ఆమెకు పదిహేడేళ్ళప్పుడు పర్ణశాల దగ్గర గోదావరి ఒడ్డున ఒక సినిమా షూటింగు జరిగింది. పాటలో నీళ్ళకుండలు మోసే అమ్మాయిలు కావాలంటే దూరపు గూడేల నుంచి కూడా కొందరిని లారీలో తీసుకెళ్ళారు. అందులో జంపక్క ఒకతె. పాట తీస్తున్నంతసేపూ కెమెరామన్ హీరోయిన్‌ను వదిలేసి వెనక కుండ ఎత్తుకున్న పిల్ల మీదికే పోతున్నాడని డైరెక్టరు మొదట కోప్పడ్డాడు. తర్వాత తనూ కెమెరాలోంచి చూశాడు. ఆ సాయంత్రమే తండ్రిని పిలిపించి మాట్లాడాడు.

మద్రాసులో ఆమెకు కొత్త పేరు పెట్టారు, కొత్త నడక నేర్పారు. కత్తిపీటలా వంగి ఉండే కనుబొమలు సరిచేశారు. చివరికి గొంతు దగ్గరికొచ్చారు. మైకు ముందు నిలబెట్టి నాలుగు వాక్యాలు చెప్పమన్నారు. ఆమె భయంతో, "ఏంది సార్, గిట్ల చెప్తే సరిపోతదా?" అని అడిగింది. అద్దం అవతల కూర్చున్న రికార్డిస్టు చెవులకు పెట్టుకున్నది తీసేసి పగలబడి నవ్వాడు. అతన్ని చూసి అందరూ నవ్వారు. ఏం తప్పు చెప్పిందో తెలియక ఆమె కూడా నవ్వింది. డైరెక్టరు మాత్రం నవ్వలేదు. "అమ్మాయి ముఖం దేవుడిచ్చాడు. గొంతు మనం ఇద్దాం" అన్నాడు.

ఆ గొంతు శ్యామలది. సత్తుపల్లిలో పుట్టి, విజయవాడలో నాటకాలాడి, మద్రాసు చేరిన మనిషి. తేనెలో ముంచి తీసినట్టుండే గొంతు. హేమలేఖ నటించిన అరవై చిల్లర సినిమాల్లోనూ ఆ గొంతే. జనం హేమలేఖ కళ్ళ గురించి ఒక మాట చెప్తే ఆ గొంతు గురించి పది చెప్పేవారు. అందుకే నిర్మాతలు ఆమెను సభల్లో మాట్లాడనిచ్చేవారు కాదు. "నమస్కారం పెట్టి కూర్చోమ్మా, అంతే" అనేవారు. పత్రికల వాళ్ళొస్తే గొంతు బాగాలేదని చెప్పించేవారు. మొదట్లో ఆమెకు అది హాయిగానే ఉండేది. మాట్లాడితే నవ్వుతారన్న భయం ఒకటి తప్పింది కదా.

మొదటి సినిమా కొత్తగూడెం వచ్చినప్పుడు తల్లిని హాలుకు తీసుకెళ్ళింది. తల్లి ఆట పూర్తయ్యేదాకా బిగుసుకుని కూర్చుంది. బయటికొచ్చాక, నీ నోట్లో నుంచి ఇంకెవరో మాట్లాడుతున్నారేంటి బిడ్డా అని కోయలో అడిగింది. గాలి సోకిందనుకుంది. ఇంటికి పోగానే సాంబ్రాణి పొగ వేసి, నిమ్మకాయలు తిప్పి పారేసింది. ఆ తల్లి తర్వాత ఎన్నో ఏళ్ళు బతికింది కాని కూతురి సినిమా మరొకటి చూడలేదు.

పెళ్ళి మాట కూడా ఒకసారి వచ్చింది. కాకినాడలో సినిమా హాళ్ళున్న ఆసామి, మర్యాదస్తుడు, ఆమె సినిమాలన్నీ నాలుగైదు సార్లు చూసినవాడు. పెద్దలను వెంటబెట్టుకుని మద్రాసులో ఆమె ఇంటికి వచ్చాడు. కాఫీలు తాగాక ఇద్దరినీ కాసేపు వదిలేశారు. ఆమెకు అతను నచ్చాడు. నచ్చాడు కాబట్టే నోరు తెరిచింది. తన గూడెం గురించి, వాళ్ళ నాయన గురించి, వానలు పడ్డాక వెదురుకొమ్ములు తెచ్చుకుని కూర వండుకోవడం గురించి చెప్పింది. అతను మర్యాదగా తల ఊపుతూ విన్నాడు. వింటూ వింటూ కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టాడు. వెళ్ళేటప్పుడు చేతులు జోడించాడు. మళ్ళీ రాలేదు.

హీరోయిన్ వేషాలు పోయి వదిన వేషాలు వచ్చాయి. అవీ పోయి హైదరాబాదులో టీవీ సీరియళ్ళలో అత్తగారి వేషాలు వచ్చాయి. అప్పటికీ అదే గొంతు. లాక్‌డౌన్‌లో షూటింగులు ఆగిపోయి, మళ్ళీ మొదలయ్యేసరికి ఆమె సీరియల్లో అత్తగారిని విదేశాలకు పంపేసి కథ నడిపించుకున్నారు. ఫోను మోగడం మానేసింది. ఆమె ఫ్లాటు అమ్మేసి ఇటు వచ్చేసింది. తల్లిదండ్రులు లేరు. గూడెంలో తన ఈడువాళ్ళు తలా ఒక దిక్కు పోయారు. ఉన్నవాళ్ళకు ఆమె హేమలేఖే. అడవిలో అడ్డాకు తీగలు మాత్రం చిన్నప్పటిలాగే చెట్ల మీదికి ఎగబాకి ఉన్నాయి. ఆ ఆకులతో విస్తర్లు కుట్టడం ఆమెకు అమ్మ నేర్పిన పని. స్థలం కొని షెడ్డు వేసింది. కుట్టుమిషన్లు, కుట్టిన ఆకులను వేడి అచ్చుల మధ్య పెట్టి నొక్కే ప్రెస్సులు తెప్పించింది. దగ్గరి తండాల నుంచి ఇరవై మంది దాకా ఆడవాళ్ళు పనికొచ్చారు. బాలి అనే లంబాడా మనిషి వాళ్ళకు పెద్ద. చెయ్యి చురుకు, మాట నెమ్మది.

బాలి తోటివాళ్ళతో పగలంతా కబుర్లు చెప్పేది. జంపక్క షెడ్డులో అడుగుపెడితే చాలు, కబుర్లు ఆగిపోయేవి. అందరూ లేచి నిలబడేవారు. మధ్యాహ్నం వాళ్ళంతా వెనక వరండాలో డబ్బాలు విప్పి, కూరలు పంచుకుని తినేవారు. ఒకసారి ఆమె అక్కడికి వెళ్తే ముద్దలు చేతుల్లోనే పట్టుకుని లేచారు. ఆ తర్వాత ఆమె ఆఫీసు గదిలోనే తలుపు దగ్గరగా వేసుకుని తినేది. నవ్వులు మాత్రం వినపడేవి.

ఇలాంటి రోజుల్లోనే ఆజం ఫోను చేశాడు.

ఖమ్మం కమాన్ బజారులో ఆజంకు పెళ్ళిళ్ళకు షామియానాలు, వంటపాత్రలు కిరాయికిచ్చే దుకాణం ఉంది. విస్తర్లు కూడా అమ్ముతాడు. ఎవరో ప్యాకెట్ చూపిస్తే దాని మీద ఉన్న నంబరుకు చేశాడు.

"హలో, హేమలేఖ మేడం ఆఫీసా? మేడం ఉన్నరా?"

"ఏంది భాయ్, చెప్పు" అంది జంపక్క.

"ముదిగొండల పెండ్లుంది. ఇస్తర్లు కావాలె, జర జల్దీ. నువ్వెవరు మాట్లాడేది?"

"జంపక్కను" అంది. అబద్ధం కాదు కదా.

"సరే జంపక్కా, మీ మేడంకు చెప్పి రేటు జర తగ్గించు. నువ్వు చెప్తే ఇంటదా?"

"ఇంటది. నా మాట కాదనది" అని ఆమె నవ్వింది. అవతల ఆజం కూడా నవ్వాడు.

అలా మొదలైంది. వారానికి రెండు మూడుసార్లు ఫోను వచ్చేది. ఆర్డరు సంగతి రెండు నిమిషాల్లో తేలిపోయేది, తర్వాతిదంతా లోకాభిరామాయణం. మోకాళ్ళ నొప్పికి దవాఖానాకు పోతే నడవమన్నారని, నడుద్దామంటే బజారులో అందరూ ఆపి చాయ్ తాగమంటున్నారని అతను చెప్పేవాడు. బేగం తిట్టిన తిట్లు చెప్పేవాడు. కొడుకు ఉబేద్ దుకాణంలో ఫోను చూసుకుంటూ కూర్చుంటాడని విసుక్కునేవాడు. ఆమె అడవి పందులు షెడ్డు వెనక కంచె తొక్కిన సంగతి, ముసురు పట్టి ఆకు ఆరని సంగతి చెప్పేది.

"తిన్నవా జంపక్కా?"

"తిన్న భాయ్. చింతచిగురు పప్పు."

"ఒక్కదానివేనా? మీ మేడం పెట్టదా నీకు?"

"ఆమె ఒక్కతే తింటది భాయ్. ఎవలతోని మాట్లాడది."

"పాపం" అనేవాడు ఆజం. "గంత పెద్ద మనిషి, గట్ల ఒక్కతే ఉండుడేంది? నువ్వన్న జర మాట్లాడియ్యి."

ఆ మాటకు ఆమె, లోడు బండి వచ్చిందని ఫోను పెట్టేసింది. నాలుగేళ్ళుగా ఆమెను 'నువ్వు' అన్న మనిషి లోకంలో అతనొక్కడే. ఆమె గొంతు విని నవ్వని మనిషి, కిటికీ బయటికి చూడని మనిషి కూడా.

పోయిన ఏడాది కాగితం ప్లేట్లు చవకగా వచ్చి విస్తర్లు కదలడం తగ్గింది. ఖమ్మంలో ప్రకటనల వీడియోలు తీసే ఉదయ్ భాస్కర్ అనే కుర్రాడు తనంతట తనే వచ్చి ఒక సలహా ఇచ్చాడు. "మేడం, మీరే అడవిలో నడుస్తూ, ఆకు చేత్తో పట్టుకుని నాలుగు మాటలు చెప్తే చాలు. ఫోన్లల్లో తిరిగిపోద్ది." ఆమె ఒప్పుకుంది. అతను చక్కగా తీశాడు. చిగురాకుల మీద ఎండ పడుతుంటే ఆమె నడిచి వచ్చి, రాసిచ్చిన మాటలు చెప్పింది. ఉదయ్ భాస్కర్ విని, గొంతు సవరించుకుని, నేల చూస్తూ అన్నాడు.

"సూపర్ మేడం. కాని వాయిస్... జనం ఎరిగిన వాయిస్ వేరు కదా. ఇది వింటే మీరు కాదనుకుంటరు. ఆ పాత డబ్బింగ్ మేడం ఉన్నరా ఇంకా?"

ఆమెకు కోపం రాలేదు. అతను అబద్ధం చెప్పలేదు.

శ్యామల సత్తుపల్లిలో తమ్ముడి ఇంట్లో ఉంటోందని తెలిసింది. ఫోను చేస్తే, "తప్పకుండా వస్తానండీ, చూసి ఎన్నేళ్ళయిందో" అంది. జంపక్క కారు పంపింది. డ్రైవరు లాల్‌సింగ్ పొద్దున్నే వెళ్ళి, ఎండ ముదరక ముందే తీసుకొచ్చాడు. కారు దిగిన మనిషి పొట్టిగా, దళసరి కళ్ళద్దాలతో, చేతిలో గుడ్డసంచితో ఉంది. షెడ్డు గుమ్మంలో నిలబడి, "నమస్కారం హేమలేఖ గారూ, బాగున్నారా?" అంది.

కుట్టుమిషన్లు ఆగిపోయాయి. లోపలున్న ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా జంపక్క పెదవుల వైపు చూశారు. అవి కదల్లేదు. మళ్ళీ ఆ పొట్టి మనిషి వైపు చూశారు. బాలి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత గంట సేపు పని జరగలేదు. ఆడవాళ్ళు శ్యామల చుట్టూ మూగారు. ఆ సినిమాలో తండ్రితో అన్న మాట అనమన్నారు, ఈ సినిమాలో పెళ్ళిపందిట్లో ఏడ్చిన ఏడుపు ఏడవమన్నారు. శ్యామల సిగ్గుపడుతూనే అన్నీ చెప్పింది. బాలి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మధ్యాహ్నం శ్యామలను వరండాలోకి తీసుకెళ్ళి మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. ఒకతె రొట్టె పెట్టింది, ఒకతె కూర వేసింది. "మంచిగ తినమ్మా, గొంతు ఎండిపోతది" అని బాలి మంచినీళ్ళు అందించింది. జంపక్క ఆఫీసు గదిలో తన డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది. ఆమెకు శ్యామల మీద అసూయ కలగలేదు. తన ఇంట్లో చుట్టాలు దిగి, తనను పిలవడం మరిచిపోయినట్టు మాత్రం ఉంది.

సాయంత్రం ఆడవాళ్ళు వెళ్ళిపోయాక ఇద్దరూ టీ గ్లాసులతో మెట్ల మీద కూర్చున్నారు. ఇన్నేళ్ళలో ఇద్దరూ కలిసి కూర్చున్నది అదే మొదలు. ఒకరు షూటింగులో ఉంటే ఒకరు స్టూడియోలో ఉండేవారు.

"నన్నెవరూ చూసి ఎరగరండీ" అంది శ్యామల. "ఒకసారి రైల్లో నా పక్క సీటావిడ గంటసేపు మీ గొంతు గురించే చెప్పింది. నేను నోరు విప్పలేదు. విప్పితే ఆవిడ జడుసుకుంటుంది కదా."

జంపక్క నవ్వింది. శ్యామల నవ్వలేదు.

"ఒక మాట చెప్పనా? డబ్బింగ్‌కి ముందు షూటింగులో రికార్డయిన మాటలు మా చెవుల్లో వేసేవారు. పైలట్ ట్రాక్ అంటారు. అది వింటూ, దాని మీద మేము మాట్లాడాలి. తర్వాత దాన్ని చెరిపేస్తారు. మీ సినిమాలన్నీ మీ గొంతుతో విన్నది నేనొక్కదాన్నేనండీ. మీరు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో ఇప్పటికీ నాకు తెలుసు."

జంపక్క గ్లాసు కింద పెట్టింది.

"మీ నాన్న వేషం వేసినాయన చచ్చిపోయే సీను గుర్తుందా? మీరు 'నాయినా, ఒక్కసారి లెవ్వు నాయినా' అన్నారు. రాసింది అది కాదు. మీకు వచ్చింది మీరు అనేశారు. నేను రాసినట్టే చెప్పాను. ఎన్ని టేకులు చేసినా మీలా ఏడవలేకపోయాను. హాల్లో జనం ఏడ్చింది నా దానికి. నాకేమో ఇంటికి పోయి పడుకుంటే చెవుల్లో మీదే వినపడేది."

ఆ సీను తీసేనాటికి జంపక్క తండ్రి చనిపోయి వారం కూడా కాలేదు. షూటింగు ఆగిపోతుందని ఆమెను రెండో రోజే వెనక్కి రప్పించారు. ఆ ఏడుపు నటన కాదని యూనిట్‌లో ఎవరికీ తెలియదనుకుంది ఇన్నాళ్ళూ. ఒక మనిషి చీకటి గదిలో కూర్చుని అంతా విన్నదన్నమాట. రోడ్డు మీద ఇసుక లారీ ఒకటి పోయింది. దాని దుమ్ము అణిగేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

"ఈ వీడియోకి మీరే మాట్లాడండి" అంది శ్యామల చివరికి. "ఆ కుర్రాడికి నేను చెప్తాను."

"వద్దక్కా" అంది జంపక్క. "నువ్వే చెప్పు."

"ఎందుకండీ?"

జంపక్క రెండు గ్లాసులూ తీసుకుని లేచింది. తన గొంతుతో వీడియో బయటికి పోతే ఖమ్మంలో ఒక దుకాణంలో ఒక మనిషి వింటాడు. విన్న మరుక్షణం పోల్చుకుంటాడు. ఆ తర్వాత అతను తిన్నావా అని అడగడు. ఇది ఎవరికి చెప్పినా నవ్వుతారు.

మర్నాడు ఖమ్మంలో శ్యామల ఆ నాలుగు మాటలూ చెప్పి, అక్కడి నుంచే సత్తుపల్లి వెళ్ళిపోయింది.

వీడియో ఉదయ్ భాస్కర్ చెప్పినట్టే ఊళ్ళన్నీ తిరిగింది. వైరా నుంచి, మధిర నుంచి, హైదరాబాదు నుంచి కూడా ఫోన్లు వచ్చాయి. ఇంకో ప్రెస్సు కొనాల్సి వచ్చింది. ఆజం ఫోనైతే మొదటిరోజే వచ్చింది.

"జంపక్కా, జూసినవా మీ మేడం వీడియో? ఏం గొంతు, ఏం గొంతు! మా బేగం పొద్దటిసంది అదే పెట్టుకొని ఏడుస్తాంది. పెండ్లికి ముందుకెల్లి ఆమెకు పానం మీ మేడం అంటే. ఒక్కసారి చూపియ్యరాదూ?"

"ఆమె ఎవల్ని కలవది భాయ్. చెప్పిన గదా."

"నువ్వు చెప్తే ఇంటది అన్నవ్?"

"గిది ఇనది" అంది. ఆజం కాస్త చిన్నబుచ్చుకున్నాడు. మళ్ళీ వెంటనే, "పోనీ తియ్యి, నీకు మాట వస్తదేమో. వద్దులే" అన్నాడు.

రంజాన్ వెళ్ళిన పదిరోజులకు ఆజం, బేగం ఇల్లందులో చుట్టాలింట్లో దావత్‌కు వచ్చి, అంత దూరం వచ్చాం కదా అని ఆటో మాట్లాడుకుని టేకులపల్లి వచ్చేశారు. జంపక్క గదిలో ఉంది. గుమ్మం దగ్గర మాటలు వినపడ్డాయి.

"అమ్మా, జంపక్క ఏది?"

"జంపక్క ఎవలు లేరు ఈడ" అంది బాలి.

"ఆఫీసుల ఫోన్ ఎత్తుతది జూడు, ఆమె."

"ఫోన్ మేడమే ఎత్తుతది."

ఆజం గొంతు జంపక్కకు చెవిలో తప్ప ఎదురుగా ఎప్పుడూ వినపడలేదు. లేచి వెనక తలుపు గుండా వెళ్ళిపోదామనుకుంది. ఈలోగా బేగం గది గుమ్మంలోకి వచ్చేసింది. బుర్ఖా ముసుగు పైకి తీసి, రెండు చేతులూ చాచి వచ్చి జంపక్క చేతులు పట్టుకుంది.

"మేడం, మిమ్మల్ని గింత దగ్గర చూస్త అనుకోలే. ఒక్క మాట మాట్లాడుండ్రి. ఏదన్న ఒక్కటి."

జంపక్క అలవాటుగా నవ్వింది. ఎన్ని సభల్లో నవ్వలేదు అలా! నవ్వి, చేతులు జోడించి, తల వంచితే వాళ్ళు వెళ్ళిపోతారు. రేపు ఫోను వస్తుంది. బేగం ఎంత సంతోషపడిందో ఆజం పూసగుచ్చినట్టు చెప్తాడు. తను ఏమీ ఎరగనట్టు వినొచ్చు.

ఆజం బేగం వెనకే నిలబడ్డాడు. అనుకున్నదానికంటే సన్నగా ఉన్నాడు. తెల్లగడ్డం, చేతిలో ఖర్జూరాల డబ్బా. అతని కళ్ళు హేమలేఖ మీద నిలవడం లేదు. బాలి మాట నమ్మనట్టు గది మూలలా, వరండా వైపూ ఎవరికోసమో వెతుకుతున్నాయి.

"మేడం" అన్నాడు, తల కొద్దిగా వంచి. "జంపక్కకు చెప్పకుండ వచ్చినం. ఆమె వద్దనే అన్నది. ఆమెను ఏం అనకుండ్రి. చాన మంచిది. ఒక్కతే ఉంటదంట పాపం, ఈ ఖర్జూరాలు ఆమెకు తెచ్చిన. మీరు జర ఇయ్యుండ్రి."

జంపక్క నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. బేగం చేతుల్లోంచి తన చేతులు తీసుకోలేదు గాని, చూపు మాత్రం ఆజం మీదికి తిప్పింది.

"ఆజం భాయ్" అంది. "నేనే జంపక్కను."

ఆజం కదల్లేదు. పిలిచింది ఎవరన్నట్టు ముందు ఆమె వెనక్కి చూశాడు. తర్వాత ఆమె ముఖం చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగానే అతని భుజాలు దగ్గరికి ముడుచుకున్నాయి. బేగం అయితే ఆమె పెదవుల వైపు చూస్తూ ఉండిపోయింది. ఇంత బండగా, ఇంత మామూలుగా, తన పక్కింటావిడలా ఉన్న ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు అర్థం కాలేదు. పట్టు మెల్లగా సడలింది.

"అల్లా" అన్నాడు ఆజం. "మేడం... మీరా? నేను నాలుగేండ్లసంది నువ్వు నువ్వు అనుకుంట... రేటు తగ్గియ్యమని కొట్లాడుకుంట... మాఫ్ చెయ్యుండ్రి మేడం."

"మాఫ్ ఏంది భాయ్? కూసో. బేగమక్కా, నువ్వు గూడ కూసో. చాయ్ పెట్టిస్త."

"వద్దు మేడం, ఆటో ఆగింది. వద్దు." ఖర్జూరాల డబ్బాను రెండు చేతులతో పట్టుకుని, గుళ్ళో పెట్టినట్టు బల్ల మీద పెట్టాడు. వెనక్కి వెనక్కి నడుస్తూ గుమ్మం దాటాడు.

ఆ వారం ఫోను రాలేదు. పై వారం ఆజం నంబరు నుంచే వచ్చింది. ఆత్రంగా ఎత్తింది. ఉబేద్ గొంతు. "నమస్తే మేడం. అబ్బా మీకు సలాం చెప్పమన్నరు. వైరా ఆర్డరు ఉంది మేడం." ఆ తర్వాత ప్రతిసారీ ఉబేదే. మర్యాదగా, పొట్టిగా, పని ఉన్నంతవరకే. మీ నాయన మోకాలు ఎట్లుంది బాబూ అని ఆమె అడిగితే, బాగుంది మేడం, థాంక్యూ మేడం అనేవాడు.

ఒకరోజు ఉండబట్టలేక ఆమె ఖమ్మం వెళ్ళింది. కమాన్ బజారులో కారు దూరంగా ఆపమని లాల్‌సింగ్‌కు చెప్పి, కొంగు తలమీదికి లాక్కుని నడిచింది. ఆజం దుకాణంలో గంగాళాల మధ్య కూర్చుని ఎవరితోనో పెద్దగా నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. కుర్చీ తెప్పించి, భుజం మీది తువ్వాలుతో దులిపాడు. పక్క దుకాణాల వాళ్ళు మూగితే, "జరుగుండ్రి, మేడంకు గాలి రానియ్యుండ్రి" అన్నాడు. ఇంట్లో నుంచి షర్బత్ వచ్చింది.

"కూసో భాయ్" అంది ఆమె.

"నిలవడ్డ మేడం, ఏం గాదు."

"మోకాలు నొస్తది గదా నీకు."

"ఇప్పుడు మంచిగనే ఉంది మేడం."

షర్బత్ గ్లాసు సగం తాగింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది. "ఎప్పటి లెక్క జంపక్కా అని పిలువరాదూ భాయ్? నా పేరు అదే. అబద్ధం చెప్పలే నీకు."

ఆజం చాలాసేపు తువ్వాలును చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు. అతని కళ్ళలో కోపం లేదు. ఆమెను మోసగత్తె అనుకున్నట్టు కూడా లేదు.

"తెలుసు మేడం. అబద్ధం చెప్పలే మీరు. ఎన్నోసార్లు ఫోన్ చేద్దామని పట్టుకున్న. పట్టుకుంటే మీ ముఖం కనవడతాంది. నోరు వస్తలేదు" అన్నాడు. తర్వాత మెల్లగా, "బేగంకు కూడ చెప్పిన, జంపక్క మంచిగ మాట్లాడేది అని" అన్నాడు. చచ్చిపోయిన మనిషి గురించి చెప్పినట్టుగా చెప్పాడు.

ఆమె లేచింది. అతను కారు దాకా వచ్చి తలుపు పట్టుకున్నాడు.

కారు ఇల్లందు దాటింది. లాల్‌సింగ్ అద్దంలో ఒకసారి చూసి ఏసీ తగ్గించాడు. ఆమె శ్యామలకు ఫోను చేసింది. జరిగింది చెప్పింది. శ్యామల అంతా విని, "మీరు ఏడవడం లేదు కానీ, ఊపిరి ఆ నాన్న సీనులోలాగే ఆపుతున్నారు" అంది. ఫోను పెట్టాక జంపక్క కిటికీ అద్దం దించుకుంది. అడవి మీద నుంచి పచ్చి ఆకు వాసన వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం జంపక్క తన డబ్బా తీసుకుని వెనక వరండాలోకి వెళ్ళింది. ఆడవాళ్ళు ముద్దలు పట్టుకునే లేవబోయారు.

"కూసోండ్రి" అంది. "ఎవలన్న లేస్తే నేను గూడ నిలవడి తింట."

కూర్చున్నారు. ఆమె గోడవారన, బాలి పక్కన చోటు చూసుకుని చాపమీద కూర్చుంది. డబ్బా విప్పింది. కబుర్లు ఆగిపోయాయి. నమిలే చప్పుళ్ళు, నీళ్ళ చెంబు కింద పెట్టిన చప్పుడు తప్ప మరేం లేదు. ఎదురుగా కూర్చున్న పడుచుపిల్ల తల వంచుకుని గబగబా తినేసి ముందుగా లేచిపోయింది. తర్వాత ఇంకొకతె. చివరికి బాలి ఒక్కతే మిగిలింది. ఆమె డబ్బా ఎప్పుడో ఖాళీ అయింది. లేస్తే బాగుండదేమో అని కూర్చున్నట్టుంది.

జంపక్క నెమ్మదిగా తినడం పూర్తిచేసి, చెయ్యి కడుక్కుంది. మరునాడు భోజనాల గంట కొట్టగానే ఆమె మళ్ళీ డబ్బా తీసుకుని వరండాలోకే వెళ్ళింది.